మంగళవారం బుద్ధుడు

యాంగోన్‌లో, లమ్మడా వీధిలో, టైర్ల కొట్టు నడిపే పెద్దావిణ్ణి అందరూ డా నూకమ్మ అంటారు; బర్మాలో పెద్దావిడల పేరు ముందు ‘డా’ అనడం మర్యాద. ఆవిడ ముత్తాత విశాఖ నుంచి రేవు పనికి వచ్చాడట. ఎండిపోయిన ఏటి ఇసకలో జీపు నడపాల్సిన పని నాది. లోతు గాడులున్న మొరటు టైర్లు చూపించాను.

“అవి బురదకి బాబూ. ఇసకని తవ్వుకుని దిగిపోతాయి. ఈ ఎడల్పువి అట్టుకెల్లండి. ఇసకలో గాలి తగ్గించండి, రోడ్డెక్కగానే మళ్లీ కొట్టండి. లేపోతే ఈ ఎండకి పేలిపోతాయి.”

టైర్లు బిగిస్తుండగా, “ఏ వారం పుట్టేరు?” అంది. నాకు తెలీదు. ఆవిడ జాలిగా చూసింది. ఇక్కడ అది తెలియనివాళ్లు ఉండరట. అక్కకు ఫోన్ చేస్తే మంగళవారమంది.

“పగోడాలో మంగళవారమోళ్ల బుద్ధుడున్నాడు. మీరు సల్లగా తిరిగొచ్చేదాకా రోజూ ఎల్లి ఆయన మీద నీళ్లు పోస్తాను.”

“మన దేవుళ్లున్నారు కదండీ?”

“ఆళ్లకీ సెప్తాను.”

మర్యాదకి అన్న మాటనుకున్నాను.

పని ముగించుకుని వచ్చి, ఆ కొట్టు ముందే జీపు ఆపాను. ఆవిడ టైర్ల వంక చూడలేదు. నన్ను కిందనుంచి పైదాకా చూసి, “అయితే రేపట్నించి ఎల్లక్కర్లేదు” అంది.