ఎడమ జాడ, కుడి జాడ

మా బావ పోయాడు. అరకు ఆస్పత్రి వరండాలో కుళాయి దగ్గర నేను ఫ్లాస్కు కడుగుతుంటే మా అక్క వచ్చి వెనకాల నిలబడింది. ముందు నీళ్లు కట్టెయ్యమంది. కట్టేశాను. "మీ బావ ఇంక లేడురా" అంది. నేను ఫ్లాస్కుకి మూత పెట్టి, తీసి, మళ్లీ పెట్టాను. అక్కని పట్టుకుని ఏదైనా అనాల్సింది. ఏమనాలో తోచలేదు. నాకు ఎప్పుడూ తోచదు.

మన సంతల్లో తిరిగేవాళ్లు ఆయన్ని చూసే ఉంటారు. మోటారు సైకిలు వెనక వెదురుగంపల నిండా ఎండుచేపలు, మెడకి మఫ్లరు, సంత ఆ చివరికి వినబడే గొంతు. ముసలీ ముతకా అందరికీ ఆయన ఎండుచేపల బావే. నాకు మాత్రం నిజంగానే బావ, మా పెద్దక్క పెనిమిటి. నేను అయిదో తరగతితో బడి మానేసినవాణ్ణి. నలుగురిలో మాట్లాడమంటే చెమటలు పడతాయి. కాగితమైతే నా ముఖం చూడదు కాబట్టి రాస్తున్నాను.

బావది టైడా దగ్గర పల్లె. కుర్రతనంలో జీపుకి క్లీనరుగా చేరి తర్వాత డ్రైవరయ్యాడు. లోపల పట్టినంతమంది, పైన పట్టినంతమంది, వెనక వేలాడేవాళ్లు ఇంకొంతమంది. ఘాటీలో ఆ జీపు నడిపి నడిపి ఒకరోజు తాళాలు ఓనరుకిచ్చి వచ్చేశాడు. అందరి ప్రాణాలూ నేను మొయ్యలేను, నా ఒక్కడిదైతే చాలు అన్నాడట. పాత మోటారు సైకిలు కొనుక్కుని, ఎస్.కోటలో ఎండుచేపలు ఎత్తి పైన సంతల్లో అమ్మడం మొదలుపెట్టాడు. ఒక్కడి ప్రాణం చాలన్నవాడు తర్వాత నన్ను కూడా నెత్తినేసుకున్నాడు.

అవి తొంభైలు. మా తోటలో కాఫీ ఇంకా కాపుకి రాలేదు. అక్క పోరు పడలేక బావ నన్ను వ్యాపారంలోకి తీసుకున్నాడు. తన పాత బండి నాకిచ్చి ఇంకోటి తెచ్చుకున్నాడు. క్లచ్చు, గేరు, బ్రేకు అరకు దగ్గర కోసేసిన వలిసె చేలో నేర్పాడు. అవి బేగినే వచ్చేశాయి. రోడ్డు మాత్రం రాలేదు.

మా కొండదారుల్లో ఒక మర్యాద ఉంది. బరువు మోసుకుని ఎక్కేవాడికి కొండవార వదిలెయ్యాలి, ఉత్తచేతులవాడు లోయవైపుకి తప్పుకోవాలి. పుట్టిన దగ్గర్నుంచీ అలా నడిచిన కాళ్లు నావి. మొదటిసారి గంపలు కట్టుకుని ఎస్.కోట నుంచి ఎక్కుతున్నాను. ఒకచోట లోయ ఎడమవైపుకి వచ్చింది, కొండ కుడివైపుకి మారింది. నేను కూడా కొండతోపాటే కుడికి మారిపోయాను. బరువుతో ఉన్నాను కదా, దిగేవాడే తప్పుకుంటాడని నా ధీమా. మలుపులోంచి లారీ దిగింది. బ్రేకు కీచుమంది. లారీ బంపరు నా ముందుచక్రానికి జానెడు దూరంలో ఆగింది. డ్రైవరు మా ఏడుతరాలనీ తిట్టాడు.

వెనక వస్తున్న బావ దిగి, ముందు లారీ డ్రైవరుకి దణ్ణం పెట్టి పంపేశాడు. తర్వాత నా వైపు తిరిగి అలా ఎందుకెళ్లావని అడిగాడు. చెప్పాను. ఆయన మైలురాయి మీద కూలబడి, మఫ్లరు నోట్లో కుక్కుకుని నవ్వాడు.

"లారీవోడు నీ గంపలు సూసి పక్కకి తప్పుకుంటాడేటిరా? ఇది కాలిదారి కాదు. కొండ ఎటుంటే నీకేటి, లోయ ఎటుంటే నీకేటి? నీ సగం రోడ్డులో నీ సోటేదో అది సూసుకో."

ఆ సాయంత్రం టీ కొట్లో బల్ల మీద రెండు పొడుగాటి ఎండుచేపల్ని పక్కపక్కన పరిచాడు. ఇవి మన సగంలో లారీ చక్రాలు పోయిపోయి పడిన జాడలు అన్నాడు. రెంటి నడుమా టీ చుక్క వేశాడు. ఇంజన్ల నూనె కారేది ఇక్కడే, తుంపర పడితే సబ్బు, ఇందులోకి రాకు. తర్వాత ఒక ఎండురొయ్యని తెచ్చి, ఇది నువ్వు అన్నాడు. రోడ్డు కుడికి తిరిగితే రొయ్య ఎడమ జాడలోకి పోవాలి. లేకపోతే బండి వాలినప్పుడు చక్రం మన సగంలోనే ఉంటుంది కానీ తలకాయ రోడ్డు నడిమి గీత దాటి ఎదుటి లారీకి తగులుతుంది. రోడ్డు ఎడమకి తిరిగితే రొయ్య కుడి జాడలోకి రావాలి. కొండని రాసుకుంటూ పోతే మలుపు అవతల ఏముందో నీకూ తెలీదు, నువ్వున్నావని వాడికీ తెలీదు. అలాగని గీత తొక్కకూడదు, పెద్ద హారను వినబడితే లోపలికి జరగడానికి చోటు ఉంచుకోవాలి.

టీ కొట్టామె వచ్చి, నా బల్లంతా నీసు కంపు చేసి పాఠాలేటి, కడిగేసి మరీ వెళ్లమంది. బావ బల్ల కడుగుతూ కూడా చెబుతూనే ఉన్నాడు. నేను లారీని చూశానని సంబరపడితే చాలదట, లారీవాడు నన్ను చూశాడా అన్నదే లెక్కట. ఈ ముక్క ఆయన నాకు ఎన్నిసార్లు చెప్పాడో. మిరపకాయ బజ్జీ తింటూ చెప్పాడు, మా అమ్మాయి పెళ్లి పందిట్లో చెప్పాడు.

మొదటి రోజుల్లో నా వెనకే వచ్చేవాడు. ప్రతి మలుపుకీ ముందు ఆ గొంతు లేచేది, ఎడమ జాడ, కుడి జాడ, నూనెలోంచి రారా అని. పక్కన నడిచిపోయే ఆడోళ్లు నవ్వేవారు. నాకు సిగ్గేసేది. సిగ్గుతోనే నేర్చుకున్నాను. కొన్నేళ్లకి ఆయన ముందు, నేను వెనక అయ్యాం. ఆయన చక్రం ఎక్కడ పోతే నా చక్రం అక్కడే. పొగమంచులో ఆయన వెనకలైటు తప్ప ఇంకేమీ కనబడని రోజుల్లో కూడా నాకు భయం ఉండేది కాదు.

వెనక ఉన్నాను కాబట్టే ముందు నేను చూశాను. అప్పటికి మా ఇద్దరికీ తల నెరిసింది. రెండువేలు దాటి కొన్నేళ్లయింది. ఒక సీజనులో, కుడి మలుపుల్లో బావ ఎడమ జాడలోకి పోవడం మానేశాడు. గీత పక్కనే పోతున్నాడు. ఎడమవైపు అంచు చితికిపోయిందేమో, తప్పిస్తున్నాడేమో అనుకున్నాను. నేను ఆ అంచు మీదుగానే పోయి చూశాను. బాగానే ఉంది. తర్వాత తిన్నటి రోడ్డులో కూడా కుడికే ఒరుగుతున్నాడు. ఒకసారి ఎడమపక్క నుంచి మేకపిల్ల వస్తే అది చక్రం కిందకి వచ్చేదాకా చూడలేదు. ఆయన ఎడమకన్ను పోతోంది. ఎడమవైపు ఏముందో తెలియక మనిషి కుడికి జరుగుతున్నాడు. అది ఆయనకి తెలుసో లేదో.

చెప్పాలి. బండి మీద పోతూ మాట కూర్చుకునేవాణ్ణి. బావా, నువ్వు గీత మీదకి పోతన్నావు. ఇంతే. టీ కొట్టు దగ్గర ఆగేసరికి ఆయన ఏదో వేళాకోళం ఆడేవాడు, రొయ్యా బాగున్నావా అనేవాడు, నా మాట గొంతులోనే ఉండిపోయేది. రోడ్డులో నా చోటు నాకు చూపించిన మనిషికి నీ చోటు తప్పిందని నేనెలా చెప్పను? ఆ సీజనంతా చెప్పలేదు. మిరియాలు ఎండి బస్తాల్లోకి ఎక్కాయి, వలిసె పూసి పోయింది. నేను చెప్పలేదు.

దానికి బదులు ఇంకో పని చేశాను. ఏదో సాకు చెప్పి ఆయన ముందు పోవడం మొదలుపెట్టాను. నన్ను చూస్తే ఎదుటివాడు వేగం తగ్గిస్తాడు, వెనక వచ్చే బావకి తగలడు అని. అద్దంలో ఆయన్నీ, ముందు రోడ్డునీ చూసుకుంటూ నడపడం చాలా కష్టం. ఒక మలుపులో ఎదురుగా వచ్చిన బస్సు నన్ను దాటిపోయింది. ఆ వెంటనే వెనకనుంచి ఆపకుండా హారను వినబడింది. తిరిగి చూస్తే బావ బండి బస్సు పక్కన, అద్దానికి అంగుళం ఎడంలో ఆగి ఉంది. బస్సు డ్రైవరు తిట్టాడు. బావ అంతకంటే గట్టిగా, హుషారుగా తిట్టాడు. ఆ తర్వాత టీ కొట్లో ఎడమపక్కన పెట్టిన గ్లాసు కోసం ఆయన చెయ్యి బల్లంతా తడుముకుంది. నేను గ్లాసు జరిపి చేతికి తగిలేలా పెట్టాను.

మర్నాడు ఆయన స్నానానికి వెళ్లినప్పుడు మా అక్కకి చెప్పాను. వాకిట్లో నిలబడి ఒక్క ఊపులో చెప్పేసి వచ్చేశాను. అక్క ఆలోచించే మనిషి కాదు. చింతపల్లిలో ఉన్న అల్లుడికి కబురు పెట్టింది. అతనొచ్చి, తన బండి చెడిపోయిందనీ నాలుగు రోజులు వాడుకుంటాననీ చెప్పి మావయ్య బండి తోలుకుపోయాడు. అది మళ్లీ రాలేదు. బావ ఒకటి రెండుసార్లు అడిగి ఊరుకున్నాడు.

విశాఖపట్నంలో కళ్ల డాక్టరుకి చూపించాం. శుక్లాలైతే తీసేస్తారు కదా అని ధైర్యంగా వెళ్లాం. శుక్లాలు కావట, కంటి వెనక నరం ఎండిపోతోందట. పోయిన చూపు రాదన్నారు, ఉన్నది నిలబెట్టడానికి చుక్కలిచ్చారు. కొంచెం ముందు తీసుకొచ్చి ఉంటే ఇంకాస్త మిగిలేదన్నారు. అక్క నా వైపు చూడలేదు. బావ కూడా చూడలేదు. నేను గోడ మీద అక్షరాల బొమ్మ చూస్తూ కూర్చున్నాను.

దీని గురించి నేను అక్కతో మాట్లాడాను. మంచిపనే చేశావురా, లేకపోతే ఆయన ఏ లారీ కిందో పోయేవాడు అంటుంది. కావచ్చు. కానీ ఆయన కోసమే చెప్పానా, ముందు పోతూ భయపడి భయపడి విసిగి చెప్పానా అని నన్ను నేను అడుగుతుంటాను. రెండోది కూడా ఉంది. బండి పోయాక ఆయన గొంతు తగ్గిపోయింది. ఇంటి అరుగు మీద కూర్చుని, రోడ్డున పోయే బండ్ల శబ్దం విని ఏ గేరులో ఉందో చెబుతుండేవాడు. వినేవాళ్లు లేకపోతే అదీ మానేసేవాడు.

ఒకరోజు ఇద్దరం అరుగు మీద ఎండుచేపలు ఏరుతున్నాం. మంచివి ఒకవైపు, పురుగు పట్టినవి ఒకవైపు. అప్పటికి రెండో కన్ను కూడా మసకబారింది, ఆయన వేళ్లతో తడిమి ఏరేవాడు. తల ఎత్తకుండానే అన్నాడు.

"నాకే సెప్పొచ్చు కదరా."

కోపంగా అనలేదు. నేను జవాబు చెబుతానని ఆగాడు. చేతిలో చేప పట్టుకుని అలాగే ఉన్నాడు. నేను ఏరేసిన చేపనే మళ్లీ తీసి చూశాను. కాసేపటికి ఆ చేపని మంచివాటిలో పడేసి, తాడు అందించమన్నాడు. అందించాను. మళ్లీ ఆ మాట ఎప్పుడూ ఎత్తలేదు. ఎత్తి ఉంటే బాగుండేది.

తర్వాత అప్పుడప్పుడు నా వెనక కూర్చుని సంతకి వచ్చేవాడు. దారిపొడుగునా వాగే మనిషి, వెనక కూర్చుంటే మాటే లేదు. కానీ మొదటి మలుపులోనే తెలిసింది. రోడ్డు కుడికి తిరగబోతుంటే ఆయన ఎడమ మోకాలు నా నడుముకి ఒత్తింది. ఎడమ జాడ. తర్వాతి మలుపు ఎడమకి. కుడి మోకాలు ఒత్తింది. చూపు లేకపోయినా ఘాటీ అంతా ఆ మనిషి ఒంట్లో ఉంది. నేను ఆయన చెప్పకముందే సరైన జాడలో ఉన్నా సరే, ఒత్తేవాడు. నేను కావాలని ఒక్కోసారి ఆలస్యంగా జరిగేవాణ్ణి, ఆ ఒత్తుడు కోసం.

పోయిన వానాకాలం జ్వరం పట్టింది. కొండచరియ పడి జీపులు ఆగిపోయాయి. బండి ఒక్కటే సందు చేసుకుని పోగలదు. అక్క ఆయన్ని నా వెనక కూర్చోబెట్టి తువ్వాలుతో ఇద్దర్నీ కలిపి కట్టింది. ఆయన తల నా వీపు మీద కాలిపోతోంది. ఈ దారిలోనైనా చెప్పాలి, తప్పయిపోయింది బావా అనాలి, ముఖం చూడక్కర్లేదు కదా అనుకున్నాను. వాన ముఖానికి కొడుతోంది. ప్రతి మలుపు దగ్గరా ఆ మోకాలు, బలం లేకుండా, తగిలీ తగలనట్టు తగులుతూనే ఉంది. దాన్ని బట్టి పోతూ అరకు చేరిపోయాను. చెప్పలేదు.

ఆస్పత్రిలో ఆఖరి మధ్యాహ్నం ఆయన కళ్లు మూసుకుని పడుకున్నాడు. అక్క తలవైపు, నేను కాళ్లవైపు. దుప్పటి కింద ఎడమ మోకాలు కొంచెం కదిలింది. కాసేపు ఆగి కుడి మోకాలు. అక్క చలేస్తోందనుకుని ఇంకో దుప్పటి కప్పింది. చలి కాదని నాకు తెలుసు. ఆయన ఘాటీ ఎక్కుతున్నాడు, వెనక కూర్చుని. బండి నడుపుతున్నది నేనే. మళ్లీ ఎడమ మోకాలు కదిలింది. నేను దుప్పటి మీద నుంచి దాని మీద చెయ్యి వేసి, జరిగాను బావా అన్నట్టు నెమ్మదిగా ఒత్తాను. మోకాలు ఆగింది. తర్వాతి మలుపు కోసం నేను చెయ్యి తియ్యకుండా అలాగే కూర్చున్నాను.