పూజ చేసిన బండి

ఆ ఎర్ర కారు సంగతి తలచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. దాన్ని అమ్మబోయినవాడి మీద సగం, నా మీద సగం.

హోసూరులో ఒక ఫ్యాక్టరీలో నాది తనిఖీ పని. వెంట్రుకంత గీత కనిపించినా పార్టును పక్కన పెట్టేస్తాను. అలాంటివాణ్ణి, నలభై దాటాక స్పోర్ట్స్ కారు మీద మనసు పడ్డాను. కొత్తది మా తాహతుకు అందదు. సూళగిరి దగ్గర హైవే పక్కన పాత కార్లు అమ్మే షెడ్డులో ఒకటి ఉందని తెలిసింది. రెండే తలుపులు, కర్ణాటక నంబరు. ఇంటి స్థలం కోసం దాచుకున్నది దీనికి పెట్టడానికి నా భార్య ఒక్క షరతు మీద ఒప్పుకుంది.

"మీ ఫ్యాక్టరీలో చూసినట్టే చూడండి. బాగుంటే కొందాం. లేదంటే వద్దు."

నేను వచ్చేదాకా ఇంజన్ స్టార్ట్ చేయొద్దని షెడ్డువాడికి ముందే ఫోన్ చేసి చెప్పాను. చల్లారిన ఇంజన్ మొదటిసారి ఎలా పలుకుతుందో వింటే సగం జబ్బులు తెలిసిపోతాయి.

ఆదివారం పొద్దున మేము స్కూటర్ మీద వెళ్ళేసరికి కారుకు బంతిపూల దండ వేసి ఉంది. అద్దం మీద పసుపు, కుంకుమ. లోపల డ్యాష్‌బోర్డు మీద అరటిపండుకు గుచ్చిన ఊదుబత్తులు. చక్రాల కింద నిమ్మకాయలు. బానెట్ మీద చెయ్యి పెట్టాను. కాలింది.

"స్టార్ట్ చేయొద్దన్నాను కదా?"

"గుడి కాడికి పొయ్యొచ్చినాను సార్," అన్నాడు షెడ్డువాడు. "మీ పేరు మీదనే అర్చన చేయించినాను. ఒట్టి బండిని చూపిస్తే ఏం బాగుంటుందప్పా? అమ్మా, మీరు కూడా దండం పెట్టుకోండి."

నా పేరు మీద అర్చన! కొంటానని నేనింకా అననే లేదు. అక్కడే వెనక్కి తిరగవలసింది. తిరగలేదు. చెప్పులు విడిచి దండం పెట్టాను. కారు కిందికి దూరి చూడాలని, కాళ్ళ దగ్గరి పట్టాలు ఎత్తి చూడాలని ఇంట్లో అనుకున్నవన్నీ మనసులోనే ఉండిపోయాయి. పసుపు కుంకుమలు పెట్టినదాన్ని పెరికి చూడటం తప్పనిపించింది. వాడికి కావలసిందీ అదే.

ఎక్కి బండి కదిపాను. నిమ్మకాయలు చితికాయి.

"అయిపోయె! ఇంక మీ బండే," అని వాడు చప్పట్లు కొట్టాడు.

కృష్ణగిరి వైపు రోడ్డు ఖాళీగా ఉంది. కాలు కొంచెం ఆనించగానే వీపు సీటుకు అతుక్కుపోయింది. ఆ ఇంజన్ చప్పుడుకు నేను పైకే నవ్వేశాను. పక్కన నా భార్య సీటుబెల్టు లాగింది. అది తిరిగి లోపలికి పోవడం లేదు. ఆమె ఇంకా లాగింది, చివరిదాకా.

"ఇదేందో చూడండి. బెల్టుకు బురద."

"పాత బండి కదా, ఉండదా?"

"లోపల చుట్టుకునుండే చోటికి బురదెట్లా వస్తుంది?"

"ఒక్క పూటైనా నన్ను సంతోషంగా ఉండనియ్యవా?" అని అరిచాను.

ఆమె బెల్టును ఒళ్ళో పెట్టుకుని కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది.

ఊదుబత్తుల పొగకు కళ్ళు మండి, వాటిని బయట పారేసి, అద్దాలు మూసి ఏసీ వేశాను. పొగ పోయింది. దాని వెనక దాగిన వాసన వచ్చింది. నానిన గోనెసంచి వాసన. రోడ్డు వారగా ఆపి పట్టా ఎత్తాను. కింది గుడ్డ ఇంకా చెమ్మగానే ఉంది. బెంగళూరు వానలకు అపార్ట్‌మెంట్ల కింద మునిగిన కార్లు ఇటువైపు అమ్మకానికి వస్తాయని మా ఫ్యాక్టరీలో అందరికీ తెలుసు. నాకూ తెలుసు. వైర్లలోకి నీళ్ళు పోయిన బండి ఏ మలుపులో ఆగిపోతుందో ఎవరూ చెప్పలేరు.

తిరిగి వెళ్ళి మీది మునిగిన కారని కేకలేశాను. వాడు తొణకలేదు.

"పట్టా ఎత్తొద్దంటినా? కింద చూడొద్దంటినా? నువ్వే చెప్పులిడిసి దండం పెట్టినావు. పూజ చేసిన బండిని వద్దంటే ఇంటికి మంచిది కాదప్పా, చెప్తా ఉండాను."

సార్ పోయి నువ్వు వచ్చింది. దేవుణ్ణి అడ్డం పెట్టుకుని బురద అమ్మేవాడు నా ఇంటి మంచిచెడ్డలు చెబుతున్నాడు! నా చెయ్యి లేచింది. నా భార్య మణికట్టు పట్టుకుని ఆపింది.

"అర్చన దేనికన్నా?" అంది వాడితో. "గంగలో మునిగే వచ్చింది కదా నీ బండి."

మేము స్కూటర్ తీస్తుండగా ఇంకొకాయన ఆ ఎర్ర కారు దగ్గర చెప్పులు విడుస్తున్నాడు. షెడ్డువాడు చక్రాల కింద కొత్త నిమ్మకాయలు పెడుతున్నాడు. ఆగలేకపోయాను. చెప్పులతోనే పోయి తలుపు తెరిచి, బెల్టు చివరిదాకా లాగాను.

"ఇది చూడన్నా."

ఆయన బెల్టు చూడలేదు. నా కాళ్ళు చూశాడు.

"పూజ చేసిన బండి కదప్పా! చెప్పులిడిసేది తెలీదా?"

గంట కిందటైతే నేనూ అదే అనేవాణ్ణి. బురద మరక ఆయన వైపు తిప్పి, బెల్టును తలుపు బయటికి వేలాడేసి వచ్చేశాను.

హోసూరు దగ్గరపడ్డాక నేనే అన్నాను, "తప్పయింది."

"చూడకపోయిన సంగతా, నా మీద అరిచిన సంగతా?"

"రెండూ."

"సరే, ముందు లారీ ఉంది. చూసి పోనీండి," అంది.