పనేం లేకుండా సింగూరు దాకా

సింగూరు డ్యాం గేట్లు ఎత్తారని టీవీలో చూసిన రాత్రే అనుకున్నాం, వెళ్లి చూసి రావాలని. మా యాదమ్మ వదినకు అరవై ఆరేళ్లు. పుట్టినా మెట్టినా చిట్కుల్ చుట్టుపక్కలే. పొలం చేసింది, బర్రెల్ని సాకింది, ఇప్పుడు ఫ్యాక్టరీ కుర్రాళ్లకు గదులు కిరాయికిస్తోంది. పెళ్లికో చావుకో దవాఖానకో తప్ప ఊరు దాటింది లేదు. నేను గుంటూరు వైపు నుంచి వచ్చి ముప్పై ఏళ్లుగా ఆమె పక్కింట్లో ఉంటున్నదాన్ని. నాకేమో బస్సెక్కడమంటే పిచ్చి.

“పనేం లేకుంట పోతే మంది ఏమంటరు వదినా?” అని నాలుగు రోజులు నానబెట్టింది. చివరికి కోడలు సుజాతకు మోకాళ్ల డాక్టరు దగ్గరికని చెప్పి బయల్దేరింది. సుజాత మందుల ఫ్యాక్టరీలో ప్యాకింగ్ పని చేస్తుంది, ఇంటికొచ్చేసరికి ఆరవుతుంది. నాలుగింటికి మనవరాలి స్కూలు బస్సొచ్చే వేళకు వదిన ఇంట్లో ఉండి తీరాలి.

ఎనిమిదీ పదికి ఇస్నాపూర్ చౌరస్తాలో బస్సు దొరికింది. ఆధార్ చూపిస్తే ఆడవాళ్లకు జీరో టికెట్టు. తొమ్మిదికల్లా సంగారెడ్డి. టీ తాగుదామంటే వదిన వద్దంది. దారిలో ఎక్కడికి పోవాలనే భయంతో పొద్దుట్నుంచి మంచినీళ్లు కూడా ముట్టలేదట. వెళ్లే ఆడవాళ్లకు చెబుతున్నాను, బస్టాండులో మరుగుదొడ్డి ఉంది, ఫరవాలేదు, శుభ్రంగానే ఉంది. తీసుకెళ్లి చూపించాక గానీ ఆవిడ టీ గ్లాసు ముట్టుకోలేదు.

తొమ్మిదిన్నర బస్సెక్కి పదకొండు లోపే సింగూరులో దిగాం. దిగీ దిగగానే హోరు. కట్ట మీదికి మెట్లు నిటారుగా ఉన్నాయి, పట్టుకోవడానికి కడ్డీ కూడా లేదు. వదిన అక్కడే ఆగిపోయింది.

“నువ్వు పో. నేనీడ కంకులమ్మెటామె దగ్గర కూసుంట. సూసొచ్చి నాకు చెప్పు, సాలు.”

ఇంత దూరం వచ్చి నా నోటితో వినడమేమిటని నాకు ఒళ్లు మండింది. మక్కకంకులు కాలుస్తున్నామె విసరడం ఆపి, “కూసోని ఎక్కు పెద్దమ్మా. మా అవ్వ గట్లనే ఎక్కింది. ఎవలు సూస్తే ఏంది?” అంది.

వదిన మెట్లకు వీపు పెట్టి కూర్చుంది. చేతులు వెనక మెట్టు మీద ఆనించి, ఒక్కో మెట్టే వెనక్కి జరుగుతూ ఎక్కింది. సెల్ఫీల కుర్రాళ్లు పక్కకు తప్పుకున్నారు. ఇద్దరు నవ్వారు. వాళ్లకంటే గట్టిగా ఆవిడే నవ్వింది. ఆ మనిషిని చూసి అబ్బురపడ్డాను.

పైకొచ్చాక లేపి నిలబెట్టి, నీళ్ల వైపు తిప్పాను.

గేట్ల కింద నుంచి మంజీర తెల్లగా విరుచుకుపడుతోంది. కట్ట అదురుతున్నట్టు అరికాళ్లకు తెలుస్తోంది. తుంపర మా ముఖాల దాకా వచ్చింది. రెండోవైపు అవతలి ఒడ్డే కనబడలేదు, నీళ్లే నీళ్లు. వదిన కళ్లార్పకుండా చాలాసేపు చూసింది.

“మన నల్లాల వచ్చే మంజీర గిదేనా? గింత ఉన్నదా!” అంది. ఇంటి కుళాయిలో వచ్చేదే ఆవిడకు ఇన్నాళ్లూ తెలిసిన మంజీర.

కంకి ముప్పై రూపాయలు. జొన్నరొట్టె, ఆవకాయ కట్ట మీదే తిన్నాం.

ఒంటిగంటకు తిరుగుబస్సు. సంగారెడ్డిలో మారి వస్తుంటే రుద్రారం దగ్గర లారీల వరసలో ఇరుక్కుపోయాం. మూడున్నరైనా బస్సు కదల్లేదు. ఇన్నేళ్ల తిరుగుళ్లలో ఇంత దగ్గరి చోటికి ఇంత కష్టపడి వెళ్లింది లేదు, ఇంత గొప్పది చూసిందీ లేదు. కానీ నాలుగింటి స్కూలు బస్సు తలచుకుని వదిన ముఖం పాలిపోయింది. ఆవిడ ఫోన్‌లోంచే సుజాతకు కలిపి స్పీకర్‌లో పెట్టాను.

“ఏంది అత్తమ్మా, దవాఖానల మస్తు మంది ఉన్నరా?” అంది కోడలు.

ఊఁ అంటే సరిపోయేది. వదిన నా వైపు చూసి గొంతు సవరించుకుంది.

“దవాఖానకు పోలే బిడ్డా. సింగూరు సూడవోయిన. పనేం లేదు, ఊకెనే పోయిన. ఇగ రుద్రారంల ఆగిపోయినం.”

వదిన సంచి పట్టీని నలుపుతూ కూర్చుంది.

“ఎదురింటి సరోజక్కకు చెప్త, పిల్లను దించుకుంటది. గది ఇడువు గానీ, ఎన్ని గేట్లు లేపిన్రు అత్తమ్మా?” అంది సుజాత.

“యాద్ లేదు బిడ్డా, లెక్కవెట్టలే,” అంది వదిన. “రేపు ఆదివారం నువ్వు రా. ఇద్దరం లెక్కవెడదాం.”