పాలిపోయిన పచ్చసొన

లలితమ్మ పుట్టింది పోచంపల్లి నేతింట్లో, పెరిగింది రంగు గిన్నెల మధ్య. అలాంటి మనిషికి రంగు గురించి పాఠం చెప్పబోయాడు త్రినాథరావు! ఎల్‌బీ నగర్ మెట్రో స్టేషన్ పక్కన ఆయనకో చిన్న హోటలుంది. నాటుగుడ్ల ఆమ్లెట్‌కు పేరు. హయత్‌నగర్ అవతల లలితమ్మ పెంచే నూటయాభై కోళ్ల గుడ్లన్నీ ఆయనే తీసుకునేవాడు. ఆ ఒక్క బేరం మీదే ఆమె ఇల్లు గడిచేది.

ఈ వేసవిలో గడ్డి మాడిపోయింది, మక్కజొన్నలు ప్రియమయ్యాయి. కోళ్లకు నూకలూ తెల్లజొన్నలూ వేసింది. పదిరోజులకల్లా పచ్చసొన పాలిపోయింది.

"ఏంటండీ లలితమ్మగారూ, వీటిని నాటుగుడ్లంటే ఎవరు నమ్ముతారు? సొన నారింజరంగులో ఉంటేనే బలమంటారు జనం. దాణాలో రంగుపొడి కలపండి. లేదంటే సోమవారం నుంచి రాకండి."

ఆ పొడి విషమేమీ కాదు, బంతిపూలదే. అయినా ఆమెకు ఒళ్లు మండింది. కోడి ఏం తింటే సొనకు ఆ రంగొస్తుంది, అంతే. రంగు చూసి బలం లెక్కగట్టే వాళ్లను ఏమనాలి? తన నాన్న రంగులో ముంచితే నాసిరకం నూలు కూడా ఎర్రగా మెరిసేది.

సోమవారం ఆమె రానే వచ్చింది, పాలిపోయిన సొనలతోనే. తినేవాళ్లందరి ముందూ పళ్లెంలో తన గుడ్డొకటి కొట్టింది. త్రినాథరావు వేరేచోటినుంచి తెప్పించిన గుడ్డు ఇంకో పళ్లెంలో కొట్టింది. ఆయనది నారింజరంగే, కానీ నీళ్లలా పారింది. ఆమెది ఎత్తుగా నిలబడింది.

"సూడుండ్రి! రంగు మేతతోని ఒస్తది. గుడ్డు తాజాదా, నిల్వదా అన్నది గిట్ల నిలబడితె తెలుస్తది. వానలు పడి గడ్డి మొలిచేదాక నా సొన గిట్లనే ఉంటది. తింటె తినుండ్రి, లేకుంటె లేదు."

అందరూ తలలూపారు. ఊపి, నారింజ సొన ఆమ్లెట్లే అడిగారు. ఏం మనుషులో!

ట్రేలు ఎత్తుకుని ఆమె మెట్లు దిగుతుంటే త్రినాథరావు వెనకే వచ్చి గొంతు తగ్గించాడు. "హోటల్ సంగతి వదిలేయండి. మా ఇంటికి మాత్రం రోజూ డజను ఇవ్వండి. పిల్లలు తింటారు కదా, తాజావి కావాలి."

ఉన్న ఒక్క బేరమూ పోయిన రోజది. కాదనే పరిస్థితి కాదు ఆమెది. అయినా అంది:

"మీ పిల్లలకు పెట్టేదే గిరాకులకు పెట్టుండ్రి సారూ. అప్పుడు డజను కాదు, అన్నీ ఇస్త."

ఆయన జవాబు కోసం ఆగకుండా, కొత్త బేరం వెతుక్కోవడానికి దిల్‌సుఖ్‌నగర్ బస్సెక్కింది.