మస్తానమ్మ అక్క వేలిముద్ర

మా చిన్నప్పుడు మసీదు వీధిలో ఎవరింటికి కార్డుముక్క వచ్చినా అది ముందు మా అక్క చేతికే వచ్చేది. మద్రాసులో పనికి పోయిన మగవాళ్ళు ఎవరిచేతో తెలుగులో రాయించి పంపే కార్డులు... ఆడవాళ్ళు వాటిని కొంగు చాటున పెట్టుకుని వచ్చి మా అరుగు మీద కూర్చునేవాళ్ళు. అక్క ముందు కళ్ళతో చదువుకునేది. చెడ్డ కబురుంటే మెల్లగా, నచ్చజెప్పినట్టు చెప్పేది. అప్పటికి దానికి పదకొండేళ్ళు... అయిదో తరగతి.

దాని పేరు మస్తానమ్మ. మాది కావలికి తూర్పున, సముద్రం వైపు ఊరు. నాయన దూది ఏకి పరుపులు కుట్టేవాడు. ముసల్మానులమే గానీ ఇంట్లో తెలుగు తప్ప ఇంకో మాట లేదు. నమాజు సూరాలు అరబ్బీలో నోటికి వచ్చు... అర్థం మాత్రం అడగొద్దు!

నమాజయ్యాక మసీదు మెట్ల మీద ఉర్దూ వచ్చినవాళ్ళు కబుర్లు చెప్పుకుంటుంటే నాయన ఓ పక్కన నిలబడేవాడు. వాళ్ళు నవ్వితే తనూ నవ్వేవాడు, ఏమన్నారో తెలియకుండానే. ఆ నవ్వు తలచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

ఎలక్షన్లు దగ్గరపడ్డ రోజుల్లో ఒక సాయంత్రం జవుళికొట్టు సాహెబుగారు మా ఇంటికి వచ్చారు. మావాళ్ళల్లో పెద్ద ఆయనే. అంతకుముందు మా గడప తొక్కిన పాపాన పోలేదు. నాయన కంగారులో ఎవరికోసమో కుట్టిన కొత్త పరుపు తెచ్చి అరుగు మీద పరిచేశాడు.

"ఉర్దూ బడి తెప్పిస్తా ఉండా ఖాదరయ్యా! పిల్లకాయల లెక్క చాల్లేదు, అయ్యవారిని ఇయ్యం అంటున్నారు గవర్నమెంటోళ్ళు. నీ ఆడబిడ్డల్నిద్దర్నీ ఇటు మార్పించు. మనోళ్ళమై ఉండి మన భాష రాకపోతే ఎట్టా?"

మనోళ్ళు... ఆ ఒక్క మాటకే నాయన కరిగిపోయాడు. అన్నేళ్ళు మెట్ల పక్కన నిలబడ్డ మనిషి మరి!

అక్క ఆ రాత్రి అన్నం ముట్టలేదు. "ఈ ఒక్క ఏడు ఆగు నాయనా... అయిదు అయిపోతే కావలి హైస్కూల్లో చేర్పిస్తానని అయ్యవారు చెప్పినాడు" అని కాళ్ళావేళ్ళా పడింది. మర్నాడు తెలుగు బడి అయ్యవారే స్వయంగా వచ్చి, "ఖాదరయ్యా, చిన్నదాన్ని మార్చుకుంటే మార్చుకో. ఈ పిల్లను మాత్రం కదిలించొద్దు" అన్నారు.

"మా బిడ్డలు మా భాష చదవకూడదా అయ్యవారూ?" అన్నాడు నాయన. ఆ మాట కూడా తెలుగులోనే అన్నాడు!

మసీదు పక్క గదిలో ఉర్దూ బడి మొదలైంది. నెల్లూరు నుంచి వచ్చిన ఉర్దూ మాస్టరు మంచివాడు, ఆయన్ని ఏమీ అనకూడదు. ఆ భాషనీ అనకూడదు... ఆయన చదివి వినిపిస్తుంటే నాకు ఎంత తియ్యగా ఉండేదో! కానీ అయిదో తరగతి పిల్ల, ముక్కు కారే పిల్లకాయల మధ్య, మొదటి తరగతి చాప మీద కూర్చుని అలిఫ్, బే దిద్దింది. అక్క పొడగరి. అందరికన్నా వెనకాల, తల వంచుకుని కూర్చునేది.

సాహెబుగారి కొడుకులిద్దరూ మాత్రం కావలి హైస్కూల్లోనే ఉన్నారు. లెక్కకు మా పిల్లలు, చదువుకు వాళ్ళ పిల్లలు.

ఎలక్షన్లు అయిపోయాయి. సాహెబుగారి మనిషే గెలిచాడు, మా వీధిలో బాణసంచా కాల్చారు. కొన్నాళ్ళకు మాస్టరుకు బదిలీ అయింది. ఆయన చోటికి ఇంకెవరూ రాలేదు. గదికి తాళం పడింది. నాయన జవుళికొట్టు చుట్టూ తిరిగాడు. "చూద్దాంలే ఖాదరయ్యా, తొందర పడితే ఎట్టా?" అన్నారట సాహెబుగారు. గుడ్డలు కొలుస్తూ... తల కూడా ఎత్తకుండా.

నేను చిన్నదాన్ని కాబట్టి బతికిపోయాను. తెలుగు బడిలో మళ్ళీ చేరాను. తర్వాత నేనే టీచరునయ్యాను. అక్క ఆ మధ్యలోనే పెద్దమనిషి అయింది. "వయసొచ్చిన పిల్ల, మగపిల్లకాయల్లో ఎట్టా కూచుంటది?" అంది అమ్మ. అయ్యవారు మళ్ళీ వచ్చి అడిగారు. నాయన దూది ఏకుతూనే ఉన్నాడు.

ఆ తర్వాత ఒకరోజు పక్కింటి ఖాసింబీ కార్డు తెచ్చింది. అక్క చాటలో బియ్యం చెరుగుతోంది. తల ఎత్తలేదు.

"నాకు చదువు రాదు పిన్నీ."

ఖాసింబీ నవ్వింది, తమాషాకి అంటోందనుకుని. అక్క నవ్వలేదు. ఆ రోజు కార్డు నేను కూడబలుక్కుని చదివాను. అక్క మళ్ళీ ఎవరి ఉత్తరమూ ముట్టుకోలేదు. ఎంత పంతమో దానికి!

పదహారేళ్ళకు దాని నిఖా. ఖాజీగారు తెచ్చిన పుస్తకమంతా ఉర్దూలో ఉంది. సంతకాలకని నాయన పుస్తకమూ కలమూ పట్టుకుని లోపలికి వచ్చాడు. "ఇక్కడ పెట్టమ్మా... తెలుగులో అయినా ఫరవాలేదంట" అన్నాడు, బతిమాలుతున్నట్టు.

అక్క కలం వైపు చూడలేదు. బొటనవేలు చాపింది.

నాయన కలం కింద పెట్టాడు. దాని వేలికి సిరా తనే పూశాడు. పూస్తూ పూస్తూ ఏడ్చాడు... మసీదు మెట్ల మీద అన్నేళ్ళు నవ్విన మనిషి.

అక్క పోయి ఆరేళ్ళయింది. రేషను కార్డు, పింఛను కాగితం... అన్నిటి మీదా వేలిముద్రలే. ఇప్పుడు మా వీధిలో ఆడపిల్లలు స్కూటర్ల మీద కాలేజీకి పోతున్నారు, సంతోషమే. కానీ ఎలక్షన్లప్పుడు ఎవరైనా అరుగెక్కి "మనోళ్ళం, మన భాష" అంటే మాత్రం, నేను లోపలికి పోయి తలుపేసుకుంటాను.

మీ ఇళ్ళల్లోనూ ఇలా ఎవరి లెక్కకోసమో చదువు ఆగిపోయిన అక్కలుంటే... వాళ్ళ పేర్లు కింద రాయండి. మా అక్క తన పేరు మళ్ళీ రాయనే లేదు. అందుకే మొదటి పేరు నేనే రాస్తున్నాను.

మస్తానమ్మ.