సాంచెలు ఆపింది నేను కాదు

దయ్యాలనూ గాలి సోకడాలనూ నేనెప్పుడూ నమ్మలేదు. మరమగ్గాన్ని మేం సాంచె అంటాం. సాంచె ఆగిందంటే దారం తెగి ఉండాలి, బెల్టు జారి ఉండాలి, లేదా కరెంటు పోయి ఉండాలి. నాలుగో కారణం ఉందని ఎవరైనా అంటే నవ్వేవాణ్ని.

పోయిన నెల ఇక్కడ మహారాష్ట్రలో, భివండీలో, మా తెలుగు నేతవాళ్ల సమాజం హాల్లో మా అమ్మాయి సృజనకు శాలువా కప్పారు. పిల్లల డాక్టరు. పసివాళ్లకు అంటురోగాలు రాకుండా చూడటం మీద పరిశోధన చేస్తోంది. సాంచెల మోతలో పసివాళ్ల దగ్గు తల్లికి కూడా వినపడదనీ, అందుకే జబ్బు ఆలస్యంగా బయటపడుతోందనీ ఇల్లిల్లూ తిరిగి కనిపెట్టింది. ఇప్పుడు టీకాల సిస్టర్ గుమ్మంలోకి రాగానే మా గల్లీలో రెండు నిమిషాలు సాంచెలు ఆపుతారు.

మైకు ముందు సృజన అంది: "ఈ ఆలోచన నాది గాదు, మా నాయినది. నేను మూడు నెలల పిల్లనున్నప్పుడు సాంచెలు ఆపి నా దగ్గు ఇన్నడు. గందుకే నేనున్న."

హాలంతా చప్పట్లు. నాకు తల ఎత్తబుద్ధి కాలేదు. ముప్పై ఏళ్లుగా నేను చెప్పుకుంటూ వచ్చిన ఆ మాట అబద్ధం.

జరిగింది ఇది. భివండీలోనే టెంఘర్‌లో మా కిరాయి గాలాలో, అంటే సాంచెల షెడ్డులో, ముందు నాలుగు సాంచెలు, వెనక మేముండే గది. మధ్యాహ్నం. నా భార్య శ్యామల నీళ్లకు పోయింది. పిల్ల తొట్టెలలో ఉంది. టీకాల సిస్టర్ వచ్చింది, మనోళ్ల అమ్మాయే. సూది వేస్తే పిల్లకు జ్వరం వస్తుంది, శ్యామల దారం కండెలు చుట్టడం ఆగుతుంది. అందుకని అప్పటికే ఒకసారి తప్పించుకున్నాను. ఈసారి తల్లీబిడ్డా మా ఊరు సిరిసిల్ల పోయారని సిస్టర్ చెవి దగ్గర అరిచి చెప్పాను.

నా మాట పూర్తయిందో లేదో, నాలుగు సాంచెలూ ఒక్కసారిగా ఆగిపోయాయి.

తల మీద బల్బు వెలుగుతోంది. ఫ్యాను తిరుగుతోంది. గోడవతల పక్కవాళ్ల సాంచెలు ఆడుతూనే ఉన్నాయి. నాలుగింటికీ వేర్వేరు మోటార్లు. ఒక్క దారం తెగలేదు.

వెనక గదిలోంచి దగ్గు వినిపించింది. తెరలు తెరలుగా, చివర ఊపిరి లాగేటప్పుడు కూతలాగా.

సిస్టర్ నన్ను ఎగాదిగా చూసింది. "సిరిసిల్లల దగ్గితే భివండీల ఇనవడుతదా అన్నా?" అంటూనే లోపలికి ఉరికింది. పిల్ల పెదాలు నీలంగా ఉన్నాయి. "కోరింత దగ్గు! రిక్షా పిలువు, జల్ది!"

పదకొండు రోజులు ఆస్పత్రిలో ఉన్నాం. పిల్ల దక్కింది. తిరిగొచ్చి హ్యాండిలు వేస్తే నాలుగు సాంచెలూ ఏమీ జరగనట్టు నడిచాయి. మెకానిక్ విప్పి చూసినా ఏమీ దొరకలేదు. దగ్గు మీద అనుమానంతో నేనే ఆపానని అందరికీ చెప్పాను. ఆ సిస్టర్‌కు బదిలీ అయింది. నా అబద్ధం నిలిచిపోయింది.

సన్మానం నుంచి ఇంటికొచ్చి ఆ శాలువా ముందే అంతా చెప్పేశాను. శ్యామల, "ముప్పయేండ్లు నా తోని గూడ బొంకినవా?" అంది. సృజన మాత్రం నా చెయ్యి పట్టుకుంది.

"మరి ఎవరాపిన్రు నాయినా?"

"నాకెర్క లేదు బిడ్డా."

"ఎర్క లేదని ఒప్పుకున్నోడే రీసెర్చికి పనికొస్తడు. రేపట్నుంచి నాతోని రా!" అని పకపకా నవ్వింది. శ్యామలకూ నవ్వు ఆగలేదు.

మొన్న ఇప్పటి టీకాల సిస్టర్ వచ్చినప్పుడు నా చేతులతో నేనే సాంచెలు ఆపాను. లోపల మా పనివాళ్ల పాప కిలకిలలు హాయిగా వినిపించాయి. మొదటిదాని నుంచి నాలుగోదాని దాకా నడిచి ఆపడానికి నాకు కొంత సమయం పట్టింది.

ఆ రోజు నాలుగూ ఒక్క దెబ్బకు ఆగాయి. ఎట్లా ఆగాయో ఇప్పటికీ చెప్పలేను. నేను మాత్రం ఆపలేదు.