పాయింటా, అంగుళమా?

సూర్యకళ ఇరవై ఏళ్లుగా తాపీ పనికి వెళుతోంది. ఇసుక మోసే కూలీగా చేరింది. అంకెలు బాగా గుర్తుంచుకుంటుందని మేస్త్రి ఆమెకు టేపు అప్పగించాడు. ఐదడుగుల పది అంగుళాలొస్తే ఇటుకముక్కతో గోడమీద 5.10 అని రాస్తుంది. 5.11 తర్వాత ఆరే. పనిలో అందరూ అలాగే రాస్తారు.

ఆమెది గౌతమి గోదావరి మధ్యలో లంక ఊరు. ఆ ఆగస్టులో వరద వచ్చింది. పడవ నడిపే సామ్యేలు రేవు గోడమీది గీతలు చూసి, గంటగంటకూ నీటిమట్టం ఊరి వాట్సాప్ గ్రూపులో పెట్టేవాడు. పద్నాలుగు అడుగులు దాటితే ఏటిగట్టుకు చేర్చే కాజ్‌వే మునుగుతుంది.

ఉదయం పదింటికి 13.9 అని వచ్చింది. జనం మూటలు కట్టుకున్నారు. పదకొండింటికి 13.10 అని వచ్చింది.

"తగ్గిందండీ! పాయింట్ తొమ్మిది నుంచి పాయింట్ ఒకటికి వచ్చేసింది!" అని యుగంధర్ వీధిలో కేకేశాడు. డిగ్రీ చదివి పిల్లలకు లెక్కల ట్యూషన్ చెప్పే కుర్రాడు. అతని మాటంటే ఊరికి గురి. మూటలు విప్పేశారు. సూర్యకళ భర్త చంద్రరావు గేదెను మళ్లీ రాటకు కట్టేశాడు.

సూర్యకళకు మాత్రం అది పెరిగినట్టే కనిపించింది. పదమూడు అడుగుల పది అంగుళాలు. ఇంకో రెండంగుళాలే. కానీ ఐదో తరగతితో ఆగిపోయిన తను, డిగ్రీ చదివినవాణ్ణి ఎలా కాదంటుంది? చేట ముందేసుకుని బియ్యం ఏరుతూ కూర్చుంది. అరగంటకు ఇక ఉండబట్టలేక ఫోన్ తీసింది.

"సామ్యేలన్నయ్యా, నువ్వు పెట్టింది పాయింటా, అంగుళాలా?"

"పాయింటేంటమ్మా? అంగుళాలే. ఇప్పుడు పదకొండో గీత తడుస్తోంది."

పరుగున వెళ్లి యుగంధర్‌కు చెప్పింది.

"అయ్యో, అందరినీ నేనే ఆపేశాను కదక్కా!"

ఇద్దరూ చెరో వీధీ పట్టుకుని తలుపులు తట్టారు. ముసలివాళ్లను ట్రాక్టరెక్కించారు. ఆఖరి ట్రాక్టరు దాటేసరికి కాజ్‌వే మీద నీళ్లు చక్రాలను తాకుతున్నాయి.

మనుషులూ పశువులూ దక్కారు. సూర్యకళ ఇంట్లో రెండు బస్తాల బియ్యం, కూతురి పుస్తకాలు నీటిపాలయ్యాయి. గట్టుమీది బడిలో పులిహోర పొట్లాలు పంచుతుంటే యుగంధర్ వచ్చి ఆమె పక్కన కూలబడ్డాడు.

"లెక్క తప్పానక్కా."

"నీ లెక్క తప్పు కాదు బాబూ. నువ్వు పదితో చూశావు, మేము పన్నెండుతో చూస్తాం. తెలిసి కూడా అరగంట నోరు మూసుకున్నదాన్ని నేను. నా బియ్యం నేనే ముంచుకున్నాను."

చంద్రరావు తన పొట్లం ఆమె ముందుకు జరిపాడు.

ఆ సాయంత్రం నుంచి సామ్యేలు అంకెలు మానేసి "పద్నాలుగు అడుగుల ఏడు అంగుళాలు" అని మాటల్లోనే పంపసాగాడు.

నీళ్లు తీయడానికి ఆరు రోజులు పట్టింది. సూర్యకళ ఇంట్లో బురద ఎత్తిపోస్తుంటే పక్కింటి వెంకటదుర్గ ఫోన్ పట్టుకుని గుమ్మంలోకి వచ్చింది.

"వదినా, పరిహారం ఫారంలో ఇంటి కొలతలు రాయమంటున్నారు. నువ్వొకసారి చూసి చెప్పవా?"

సూర్యకళ చేతులు కడుక్కుని వచ్చి కూర్చుంది. "ముందు చూడు, వాళ్లు అడిగింది పాయింట్లలోనా, అంగుళాల్లోనా?" అంది.